తెల్లబడిన నీలం చీర

మొన్న మందుల షాపులో లైన్లో నిలబడి ఉన్నాను. నా ముందున్నావిడ చేతులకు రాసుకునే క్రీము డబ్బా మూత తీసి వాసన చూసింది. లావెండర్. మనసుకు హాయిగా ఉంటుందని, నిద్ర పడుతుందని చెప్పి అమ్మే వాసన అది. నాకు మాత్రం అరచేతులు చల్లబడ్డాయి. లైన్లోంచి పక్కకు జరిగి, కళ్ళజోళ్ళ స్టాండుకున్న చిన్న అద్దంలో నా నుదుటి మీద బొట్టు ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. ఉంటుందని తెలుసు. అయినా చూసుకున్నాను. ఇంత చదువుకుని ఇదేం పిచ్చి అని మీరనుకుంటే నేనేమీ నొచ్చుకోను. నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్న మాటే అది.

ఈ వాసనను నాకు అంటించింది హైమవతి గారు. ఇక్కడ కెనడాలోని హామిల్టన్‌లో నాకు మొదటి ఉద్యోగమిచ్చిన మనిషి. కాకినాడలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా పనిచేసి, ఇక్కడి యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన భర్త వెంట వచ్చారు. ఆయన పోయాక బేస్‌మెంట్‌లో ఒక స్టూడియో పెట్టుకుని, డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లోని పెయింటింగులకు ఫోటోలు తీసేవారు. ఇన్సూరెన్స్ కోసం, అమ్మకం కోసం, ఒక్కోసారి పంపకాల్లో తగువు రాకుండా ఉండటం కోసం తీయించుకునేవాళ్ళు. అది బతుకుతెరువు. ఆవిడ ప్రాణం మాత్రం పాతకాలపు గాజు పలకల మీద ఉండేది. ఫిల్ము పుట్టకముందు గాజు మీద మందు పూసి ఫోటో తీసేవారు కదా, ఆ పద్ధతిని ఇంట్లోనే చేసేవారు. పలక ఆరాక పైన వేసే వార్నిష్‌లో లావెండర్ నూనె కలపాలి. ఎన్నేళ్ళ తర్వాతైనా పలకకు కాస్త వెచ్చదనం తగిలితే ఆ వాసన మళ్ళీ లేస్తుంది. పలకకు పట్టించే సిల్వర్ నైట్రేట్ తగిలి ఆవిడ వేళ్ళ చివర్లు ఎప్పుడూ నల్లగా ఉండేవి. తెలుగు అసోసియేషన్ భోజనాల దగ్గర ఆ వేళ్ళు చూసి, ఈవిడ చెయ్యి సరిగా కడుక్కోదా ఏమిటని నేను గారె తీసుకోకుండా పక్కకు తప్పుకున్న సందర్భం కూడా ఉంది. తర్వాత ఆ చేత్తోనే పెట్టిన భోజనం చాలా తిన్నాను.

హైదరాబాద్‌లో నగల షాపులకు ఫోటోలు తీసిన అనుభవం నాది. కెమెరా పట్టుకోవడంలో నా అంతటిది లేదనుకుంటూ వెళ్ళాను. మొదటిరోజు ఆవిడ గోడ మీదున్న ఒక పటాన్ని దించి బల్ల మీద పెట్టమన్నారు. టకటకా దించి పెట్టాను. ఆవిడ టీ తెచ్చి ఇచ్చి, "చాలా నీట్‌గా చేశావమ్మా. కానీ నీకు భయం లేదు. భయం లేని చేతికి నేను ఒకరి వస్తువు ఇవ్వలేను," అన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి ఎందుకు రాలేదని కోప్పడ్డారు. తర్వాత ఆవిడ దించడం చూశాను. ముందు పటం ఎదుట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. వెనక తీగ తుప్పు పట్టిందా, మేకు కదులుతోందా, రంగు ఎక్కడైనా పెచ్చులూడుతోందా, అన్నీ చూసేవారు. తర్వాత నన్ను అడిగేవారు: "ఇప్పుడు ఏం జరగొచ్చు చెప్పు." జరగగల నష్టాలన్నీ నేను వరసగా చెప్పాలి. చెబుతుంటే చేతులు వణికేవి. వణుకు మొదలయ్యాక, "ఆఁ, ఇప్పుడు పట్టుకో," అనేవారు. ఇలాంటి బాస్ దగ్గర ఎవరైనా ఎన్నాళ్ళుంటారు? నేను ఆవిడ పోయేదాకా ఉన్నాను.

కారులో పెద్ద ఇళ్ళకు వెళ్ళేటప్పుడు ఆవిడ ఫోటోగ్రఫీ తొలినాళ్ళ కథలు చెప్పేవారు. వినోదంగా ఉంటాయనుకునేరు, కాదు, విన్నకొద్దీ గుండె దడదడలాడేది. ఆ రోజుల్లో కరెంటు దీపాల్లేవు. జమీందారుల హాళ్ళు చీకటిగా ఉండేవి. కనక నిలువెత్తు తైలవర్ణ చిత్రాన్ని తాళ్ళతో గోడ మీంచి దించి, నలుగురు మోసుకుని, పెరట్లో మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టేవారు. గాలి వీస్తే అది తెరచాపలా ఊగేది. ఎండకు వార్నిష్ మెత్తబడేది. ఫోటో తీసే మనిషి పక్కనే గుడారంలో పలకకు మందు పూసి, అది తడిగా ఉండగానే తీసి, తడిగా ఉండగానే కడగాలి. మన ఎండలకు మందులోని ఈథర్ చూస్తుండగానే ఆవిరైపోయేది. ఇన్ని గండాలు గడిచి ఫోటో వచ్చాక అసలు గొడవ మొదలయ్యేది. ఆ పలకలకు నీలం తప్ప మిగతా రంగులు సరిగా కనిపించేవి కావు. నీలం తెల్లగా వచ్చేది. ఎరుపు, పసుపు నల్లబడేవి. చిత్రకారుడు లబోదిబోమనేవాడు. కొందరు చిత్రకారులైతే ఫోటో కోసమని తమ బొమ్మనే నలుపు తెలుపుల్లో మరోసారి వేసిచ్చేవారట. డబ్బిచ్చిన దొరగారికి మాత్రం తన దగ్గరున్న బొమ్మ ఊరూరా తోటి జమీందారులకు తెలిస్తే చాలు. వచ్చిన చిక్కల్లా ఇంట్లోవాళ్ళతోనే. మనిషి చేత్తో వేసిన బొమ్మ అబద్ధమాడుతుందేమో గాని, యంత్రం తీసిన ఫోటో అబద్ధమాడదని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం ఎంత దూరం పోగలదో మాకు పక్క ఊరు గ్వెల్ఫ్ నుంచి వచ్చిన ఒక పెట్టె చూపించింది.

ఆ పెట్టె డాక్టర్ ప్రభాకర్ గారిది. రిటైరై గ్వెల్ఫ్‌లో ఉంటున్న గోదావరి జిల్లా మనిషి, ఒకప్పటి చిన్న జమీందారీ కుటుంబం. జనవరి చలిలో ఆయన, భార్య అన్నపూర్ణ ఆంటీ కారులో వచ్చారు. పెట్టె డిక్కీలో ఉంది. ఇన్నాళ్ళూ కూడా ఇంట్లోకి రానివ్వకుండా ఆంటీ దాన్ని గరాజ్‌లోనే ఉంచారట. హైమవతి గారు పెట్టెను లోపల పెట్టించి, రేపటిదాకా తెరవకూడదన్నారు. ఆంటీ ముఖం పాలిపోయింది.

"చూశారా, మీరూ భయపడుతున్నారు," అన్నారు ఆంటీ.

"అవునండీ. బయట మైనస్ ఇరవై. ఇప్పుడు తెరిస్తే గాజుకి చెమట పడుతుంది. చెమట పడితే మీద ఉన్న పొర ఊడిపోతుంది. నా భయం దానికి."

ఆంటీ భయం వేరే. అది టీ తాగుతూ ఆవిడే చెప్పారు, మాటమాటకూ భర్త వైపు చూస్తూ. అంకుల్‌గారి తాతమ్మ సీతాయమ్మ గారికి ముప్పై ఏళ్ళు రాకముందే ఆవిడ భర్త ఒక చిత్రకారుడిని పిలిపించి నిలువెత్తు పటం వేయించారు. లేత నీలం పట్టుచీర, నుదుట కాసంత కుంకుమ బొట్టు. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది. తర్వాత మద్రాసు నుంచి ఫోటో తీసే మనిషిని రప్పించి, ఆ పటాన్ని పెరట్లో పెట్టి ఫోటో తీయించారు. కొన్నాళ్ళకు అచ్చు వేసిన కాగితాలు వచ్చాయి. చూస్తే అందులో తాతమ్మ తెల్లచీరలో ఉంది. నుదుట బొట్టు లేదు. భర్త పక్కనే నిలబడి చూస్తుండగా, భార్య విధవగా ఉన్న ఫోటో. ఏడాది తిరక్కుండానే ఆయన విషజ్వరంతో పోయారు. కాగితాలు కాల్చేశారు. గాజు పలకను పగలగొట్టడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. ఇంట్లో గాజు పగిలితే అరిష్టమని ఒక భయం, ఉంచితే ఇంకో భయం. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. ఆ తర్వాతి తరంలో ఇద్దరు కోడళ్ళు చిన్నవయసులో పసుపుకుంకుమలు పోగొట్టుకున్నారు. అసలు పటం ఒక తుఫానులో నాని పాడైపోయింది. పలక మిగిలింది. మూఢనమ్మకాలేమిటని పంతంకొద్దీ అంకుల్ దాన్ని కెనడా తెచ్చారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆంటీ ఆ పెట్టెతో కాపురం చేస్తున్నారు.

ఇప్పుడు అంకుల్‌కి గుండె ఆపరేషన్. ఇక్కడే, హామిల్టన్ ఆసుపత్రిలో, ఫిబ్రవరిలో. అంతకుముందే ఆ పలకను సరస్సులో పారేయాలని ఆంటీ పట్టు. పారేసేముందు ఒక్కసారి ఫోటో తీయించి ఉంచుకుంటానని అంకుల్ బతిమాలుకుంటే, ఫోటో తీస్తే అది రెండవుతుంది కదా అని ఆవిడ ఏడుపు.

"నేను టేబుల్ మీద మత్తులో పడుంటానమ్మా," అన్నారు అంకుల్ హైమవతి గారితో. "బయట కుర్చీలో కూర్చోవాల్సింది తను. ఆ కూర్చోవడం ఈజీ అవుతుందంటే పలక పోనీ. నాకు దిగుల్లేదు." దిగులుందని ఆయన గొంతులోనే తెలుస్తోంది. ఆ ముఖాన్ని చూసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. తాతమ్మ ఎలా ఉండేదో చెప్పగలిగేది లోకంలో ఆ గాజు ఒక్కటే.

నీలం తెల్లబడిందన్న మాట వినగానే హైమవతి గారి కళ్ళల్లో వెలుగు చూశాను. ఈవిడ ఇప్పుడు పాఠం మొదలుపెట్టి ఆంటీ మనసు నొప్పిస్తారేమోనని కంగారుపడ్డాను. ఆవిడ పాఠం చెప్పలేదు. భయపడొద్దనీ అనలేదు. "ఆ చీర ఎందుకు తెల్లబడిందో మీకు మాటల్లో చెబితే నమ్మలేరు, నేనైనా నమ్మను. ఎదురుగా తీసి చూపిస్తాను. చూశాక కూడా పారేయమంటే, నేనే కారులో తీసుకెళ్ళి పారేసి వస్తాను," అన్నారు. అలాంటి చీరే కట్టి, కుంకుమ పెట్టి, అప్పటి పద్ధతిలోనే తడి పలక మీద ఫోటో తీద్దామని, తాను కుర్చీలో కూర్చుంటానని, కెమెరా పని నన్ను చూడమని వివరించారు.

ఆంటీ ఆవిడ నుదుటి మీదున్న చిన్న నల్ల స్టిక్కర్ వైపు చూశారు. "మీరు కూర్చుంటే ఏం తెలుస్తుంది హైమవతి గారూ? మీకు జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది." అనేశాక నాలిక కరుచుకుని, తన మాటకు తనే ఏడ్చేశారు. హైమవతి గారు ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆ మాట నిజమేనన్నారు. భర్త ఉన్న ఆడది కూర్చోవాలి. ఆంటీ కూర్చోరు. మిగిలింది నేను.

నా భర్త శ్రీధర్ అప్పట్లో రెండు గంటల దూరంలోని సార్నియాలో ఒక కెమికల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తుండేవారు. వారమంతా అక్కడ ఒక గదిలో ఉండి, శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి ఇంటికొచ్చేవారు. ఆ దారిలో ఒకపక్క నుంచి హ్యూరాన్ సరస్సు గాలి మంచును తెచ్చి రోడ్డు మీద కుమ్మరిస్తుంది. ఎదురుగా ఉన్న కారు కూడా కనబడదు. శుక్రవారం వచ్చిందంటే నాకు అన్నం దిగేది కాదు. ఇదంతా తలలో తిరుగుతుండగానే, నోరు మాత్రం నేను కూర్చుంటానని అనేసింది. పెద్దల ముందు చదువుకున్నదానిలా కనిపించాలన్న మొహమాటం తప్ప అది ధైర్యం కాదు.

వాళ్ళు వెళ్ళాక హైమవతి గారు నన్ను వంటింట్లో కూర్చోబెట్టి అడిగారు. "నీకు భయంగా ఉందా?"

ఉందన్నాను.

"అయితే కూర్చో. లేదంటే వద్దనేదాన్ని. భయం లేనిదానివి కూర్చుంటే ఆవిడకి అందులో చూసేదేముంటుంది?"

అందరికీ కుదిరింది మరుసటి శుక్రవారమే. వారాలేమీ దొరకనట్టు అదే దొరికింది. లేత నీలం పట్టుచీర కట్టుకుని, ఆంటీ స్వయంగా తెచ్చిన కుంకుమ పెద్దగా పెట్టుకుని, కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాను. తల కదలకుండా వెనక ఒక ఇనుప ఊత. బయట మంచు మీద పడిన ఎండ గదిలోకి తెల్లగా కొడుతోంది. ఆంటీ, అంకుల్ సోఫాలో ఉన్నారు. హైమవతి గారు చీకటిగదిలో పలకకు మందు పూసి, తడి ఆరకుండా పరుగులాంటి నడకతో వచ్చి కెమెరాలో పెట్టారు. మూత తీసి, ఊపిరి బిగబట్టమన్నారు. ఆ కాసేపూ నేను ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. శ్రీధర్ ఆ వేళకు ప్లాంటు గేటు దాటి ఉంటారని, పొద్దున రేడియోలో గాలి హెచ్చరిక చెప్పారని, అదొక్కటే ఆలోచన.

పలకను కడిగి, బొమ్మ చెరిగిపోకుండా నిలిపే హైపో మందు తొట్టెలో వేసి, మమ్మల్నందర్నీ పిలిచారు. ముందు పొగమంచులాంటి తెలుపు. అది మెల్లగా విడిపోయింది. ఆవిడ పలకను నీళ్ళలో జాడించి నల్ల వెల్వెట్ గుడ్డ మీద పెట్టారు. అందులో నేనున్నాను. తెల్లచీరలో ఉన్నాను. ముఖం నల్లబడి, నాకంటే పదేళ్ళు పెద్దదానిలా. మెడలో పసుపుతాడు ఒక నల్లటి గీత. నుదురు బోసిగా ఉంది. నా గుండె జారిపోయింది. ఎందుకిలా వస్తుందో అంతా తెలుసు, అయినా జారిపోయింది. పలకకు ఎరుపు చూసే కన్ను లేదని, నా చామనఛాయలో కుంకుమ కలిసిపోతుందని నేనే నలుగురికి వివరించగలను. ఆ తెలివి అప్పుడు ఎక్కడికి పోయిందో తెలీదు. ఆంటీ రెండు చేతులతో నోరు మూసుకుని పలకనే చూస్తున్నారు. ఆవిడ పెళ్ళైన నాటినుంచీ వింటున్నది ఇలాంటి ఫోటో గురించే. చూడటం ఇదే మొదలు.

తర్వాత ఆవిడ పలకను వదిలి నా వైపు తిరిగారు. వేలితో నా నుదుటి మీది కుంకుమను తాకారు. వేలికి అంటిన ఎరుపు చూసుకున్నారు. మళ్ళీ పలక చూశారు.

"ఉంది," అన్నారు, ఎవరితోనో చెప్పినట్టు. "బొట్టు ఉంది. దానికే కనపడలేదు."

అంకుల్ తలుపు దగ్గరికెళ్ళి బూట్లు తొడుక్కోవడానికి చాలాసేపు తీసుకున్నారు. వెళ్ళేముందు ఆంటీ, ఆపరేషన్ అయ్యేదాకా పలక ఇక్కడే ఉండనివ్వండి, తర్వాత చూద్దామని చెప్పి వెళ్ళారు.

నేను ఇంటికొచ్చి చీర మార్చుకున్నాను. నాలుగున్నరకల్లా రావాల్సిన మనిషి ఐదయినా రాలేదు. ఇక్కడ జనవరిలో ఐదంటే చీకటి పడే వేళ. ఫోన్ చేస్తే నేరుగా వాయిస్ మెయిల్‌కి పోతోంది. ఆ దారిలోనే ఉన్న, ఇక్కడి లండన్ అనే ఊరు దాటాక కార్లు గుద్దుకుని హైవే మూసేశారని వార్తల్లో చెప్పారు. సింక్ దగ్గర నిలబడి అక్కర్లేని గిన్నెలు తోమాను. మధ్యమధ్యలో అద్దం దగ్గరకెళ్ళి బొట్టు చూసుకున్నాను. పోయి పోయి నేనెందుకు కూర్చున్నాను, ఎవరి తాతమ్మ కోసం కూర్చున్నాను, ఆ ముసలావిడకి పోయేదేముంది, ఆవిడకైతే అన్నీ ఎప్పుడో పోయాయి అని హైమవతి గారిని మనసులో తిట్టుకున్నాను. ఎంత నీచమైన మాటో అప్పుడు తోచలేదు. భయం మనిషిని అంత పని చేయిస్తుంది.

ఫోన్ మోగింది. ఆయనే అనుకుని ఎత్తాను. హైమవతి గారు. పని లేకుండా ఆవిడ ఎప్పుడూ ఫోన్ చేసి ఎరగరు. పేరు పెట్టి పిలవలేదు, హలో అనలేదు.

"వచ్చాడా?"

ఆ గొంతులో వణుకు నాకంటే ఎక్కువగా ఉంది. ఇంకా లేదండీ అన్నాను.

"నేను లైన్లో ఉంటాను. పెట్టెయ్యకు."

అంతే. ఆవిడ మాట్లాడలేదు, నేను మాట్లాడలేదు. ధైర్యం చెప్పలేదు. కెమిస్ట్రీ చెప్పలేదు. అటువైపు నుంచి ఆవిడ ఊపిరి, అప్పుడప్పుడూ కుర్చీ కిర్రుమన్న చప్పుడు. అటు ఆవిడ, ఇటు నేను, ఒకే మనిషి కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. గాజు పలక ఎవర్నీ చంపదని నాకంటే వెయ్యి రెట్లు తెలిసిన మనిషి, నన్ను కూర్చోబెట్టి ఫోటో తీసి, ఇంటికెళ్ళి భయంతో అల్లాడిపోయిందని అప్పుడు అర్థమైంది. చివరికి గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది. శ్రీధర్ భుజాల మీద మంచు దులుపుకుంటూ లోపలికొచ్చారు. ఛార్జర్ పనిచేయక ఫోన్ చచ్చిపోయిందట. హైవే మూసేస్తే పల్లెదారుల్లో తిరిగి తిరిగి వచ్చారట. నా ముఖం చూసి ఏమైందని అడుగుతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"వచ్చారండీ."

"సరే," అని ఆవిడ పెట్టేశారు.

సోమవారం ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇద్దరం కలిసి పాత పలకను పెట్టెలోంచి తీశాం. ఏం జరగొచ్చో చెప్పమన్నారు. చెప్పాను. చేతులు వణికాయి. ఇప్పుడు పట్టుకోమన్నారు. కింద నుంచి వెలుగు పెట్టి, ఆ గాజును మా కెమెరాతో అంగుళం అంగుళం ఫోటో తీసి, నలుపు తెలుపులు తారుమారు చేసి తెరమీద పెద్దది చేశాం. పెద్ద కళ్ళు, కొంచెం ఎత్తుపళ్ళు ఉన్న ఒక చిన్నవయసు మనిషి, తెల్లచీరలో. నుదురు దగ్గర హైమవతి గారు నా చెయ్యి ఆపారు. నల్లటి నుదుటి మధ్యలో ఆవగింజంత తెల్లటి మెరుపు. దుమ్మేమో అనుకున్నాను. దుమ్ము కాదు. ఆ చిత్రకారుడు బొట్టు పెట్టేచోట రంగు దళసరిగా వేశాడు. నిజం బొట్టులా ఉబ్బెత్తుగా. పటాన్ని పెరట్లో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టారు కదా. ఎరుపు కనబడని ఆ గాజుకు, ఉబ్బిన రంగు మీద పడిన ఎండ కనబడింది. ఇన్ని తరాలూ బొట్టు ఆ పలకలోనే ఉంది. భయంతో ఎవరూ తెరిచి చూడలేదు.

ఆ మెరుపు చోట ఎరుపు అద్దమంటారా అని అడిగాను. వద్దన్నారు. ఎలా ఉందో అలాగే పెద్ద ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి గ్వెల్ఫ్ తీసుకెళ్ళాం. మెరుపు ఎక్కడుందో హైమవతి గారు వేలుపెట్టి చూపించారు. ఆంటీ చాలాసేపు దగ్గరగా వంగి చూశారు. తర్వాత దేవుడి గదిలోకి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చి, మనం ఇళ్ళల్లో పెద్దల ఫోటోలకు పెడతామే, అలా ఫ్రేము అద్దం మీద సరిగ్గా ఆ మెరుపున్న చోట బొట్టు పెట్టి, ముందు హాల్లో తగిలించమన్నారు. ఆపరేషన్ రోజున నేను ఆసుపత్రిలో ఆంటీ పక్కన కూర్చున్నాను. ఆవిడ భయపడుతూనే ఉన్నారు. అయితే అది ఆడవాళ్ళందరూ అలాంటి కుర్చీల్లో పడే భయం. అంకుల్ క్షేమంగా ఇంటికొచ్చారు.

రెండు చలికాలాలు గడిచాక ఆయన నిద్రలో పోయారు. మేం వెళ్ళేసరికి ఇల్లు చుట్టాలతో నిండి ఉంది. ఎవరో పెద్దావిడ, ముందే చెప్పాం ఆ పటం హాల్లో పెట్టొద్దని, అని నసుగుతోంది. ఒకతను కుర్చీ వేసుకుని దాన్ని తియ్యబోయాడు. గోడకు చేరబడి కూర్చున్న ఆంటీ తల ఎత్తారు.

"దించకు బాబూ. ఆవిడేం చేసింది? ఆవిడకీ ఇలాగే జరిగింది, పాపం."

హైమవతి గారు నా పక్కనే ఉన్నారు. ఎప్పుడూ ఎవరి ముందూ ఏడవని మనిషి, బయటికెళ్ళి మంచులో నిలబడి కొంగుతో ముఖం కప్పుకున్నారు. నేను వెనకాల వెళ్ళలేదు.

కిందటి వేసవిలో హైమవతి గారూ పోయారు. స్టూడియో ఇప్పుడు నాది. పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళని పటం ముందు నిలబెట్టి ఏం జరగొచ్చో చెప్పమంటాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు. నా పలక, అంటే ఆ శుక్రవారం తీసింది, షెల్ఫులో నిలబెట్టి ఉంది. దానికి వార్నిష్ ఆవిడే వేశారు. హీటర్ వెచ్చదనానికి అప్పుడప్పుడూ లావెండర్ వాసన లేస్తుంది. దాన్ని తీసేయమని మా అమ్మ వీడియో కాల్‌లో ఎన్నిసార్లు పోరిందో. తీసేయలేదు. నాకు భయం పోయిందనుకోకండి, పోలేదు. భయపడుతూనే చూడటం ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, అంతే.

శ్రీధర్ ఇప్పటికీ శుక్రవారాలు అదే రోడ్డు మీద వస్తారు. మొన్న మందుల షాపు నుంచి ఇంటికొచ్చేసరికి మంచు మొదలైంది. ఆయన ఆలస్యమయ్యారు. ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. అది మోగలేదు. మోగదని తెలుసు, అడిగే మనిషి లేదు. చాలాసేపటికి గరాజ్ తలుపు లేచింది, తాళాల చప్పుడైంది, బూట్లు విప్పుతున్న చప్పుడైంది. ఖాళీ వంటింట్లో, ఎవరూ అడక్కుండానే, నేను పైకి అన్నాను.

"వచ్చారండీ."